రాజుగారు వినని మాట

నా చిన్నప్పుడు మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ నాటకం ఆడేవాళ్ళు. మందిరం కట్టించే రాజు కథ. రాజు వేషం ఎప్పుడూ గుత్తేదారుదే. సికింద్రాబాద్‌లో సగం గోడౌన్లు ఆయన కట్టించినవే, చర్చి హాలుతో సహా. ఇంకెవరికిస్తారు? ఆ మనిషిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

మా నాన్న ఆయన దగ్గర మేస్త్రీ. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, వానలకు నేరేడ్‌మెట్‌లో ఒక గోడౌను గోడ కూలింది. సున్నంలో సగం మట్టి కలిపించింది గుత్తేదారు. "మేస్త్రీకి పని రాదు" అని ఊరంతా చాటిందీ ఆయనే. అంతే, నాన్నను ఎవరూ పనికి పిలవలేదు. ఈలోగా నిజాం రాజ్యం పోయింది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి కదా, గుత్తేదారు కుచ్చు టోపీ తీసి ఖద్దరు టోపీ పెట్టాడు. కొత్త సర్కారు పనులూ ఆయనకే దక్కాయి.

ఆ క్రిస్మస్‌కూ నాటకంలో మేస్త్రీ వేషం నాన్నదే. తాపీ పట్టినవాడే ఆ వేషం వెయ్యాలని మా చర్చిలో ఆనవాయితీ. నాన్న వెయ్యనన్నాడు.

"పోరాదయ్యా," అంది అమ్మ. "జెర మంచిగ పొగిడితే మళ్ల పనిస్తడేమో."

పోయాడు. గుత్తేదారుకు తన మాటలే కంఠతా వచ్చు. ఎదుటివాడి నోరు మూతపడగానే తనది అందుకునేవాడు. వినే అలవాటు స్టేజీ మీదా లేదు, బయటా లేదు.

కిరీటం సర్దుకుని అడిగాడు. "మేస్త్రీ! నా గోడ గట్టిదేనా?"

"కొండంత గట్టిది ప్రభూ" అనాలి నాన్న. తాపీ కింద పెట్టాడు.

"ఏడ గట్టిది దొరా? సున్నంల సగం మట్టి కలపమన్నది మీరే గద. వానకు ఆగుతదా?"

రాజుగారు గడ్డం నిమురుకుని తన మాట అందుకున్నారు.

"భళా! అంతా మా ఆజ్ఞ ప్రకారమే జరిగింది!"

ముందు బెంచీల్లోని పెద్దమనుషులు కూడా పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు. అవి తనకేననుకుని ఆయన వంగి దండం పెట్టాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే మా చర్చి గుమాస్తా ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. కాప్రాలో ఇల్లు మొదలుపెడుతున్నాడట. "సున్నం సుత నువ్వే చూసి తీస్కో మేస్త్రీ" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మరుసటి ఏడూ రాజు గుత్తేదారే. మేస్త్రీ వేషానికి మాత్రం, తాపీ ఎటు పట్టుకోవాలో తెలియని బడిపంతుల్ని పెట్టించాడు.