ఇంజిన్ ఒక ఊళ్లో, పేరు ఇంకో ఊళ్లో

ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. పొలాలకు తొలినాళ్ల పెట్రోలు ఇంజిన్లు చేసిన ఒక విదేశీ కంపెనీ చరిత్ర రాస్తున్నాను. వాళ్ల ఇంజిన్ మన సీమకూ వచ్చిందని ఒక అధ్యాయమంతా బల్లగుద్ది రాసేశాను. రుజువు మాత్రం పుంగనూరు మెకానిక్ ఖాదర్ పంపిన ఒక్క ఫోటో. కళ్లారా చూసి రాకపోతే ఆ అధ్యాయం తీసేస్తానని పబ్లిషరు బెదిరించాడు. సోమవారమే అచ్చు.

పక్క సీటులోని టమోటా రైతు నా కథ విని, "పాత ఇంజిన్ సూసేకి పోతాండావా? ఇంట్లో చెప్పే వచ్చినావా అప్పా?" అని జాలిపడ్డాడు.

ఏడున్నరకు దిగి, ఇడ్లీ, ఉద్దివడ తిని ఖాదర్ షెడ్డుకు వెళ్లాను. ఇంజిన్ మీద ఇత్తడి నేమ్‌ప్లేటు, దాని మీద కంపెనీ పేరు, నంబరు. నేను మురిసిపోతుంటే ఖాదర్ తల గోక్కున్నాడు.

"ప్లేటు అసలుదే సార్. ఇంజినే కోయంబత్తూరుది."

"మరి ఫోటో ఎందుకు పంపావయ్యా?"

"మీరు అడిగింది ప్లేటు ఫోటోనే గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. సంగతేమిటంటే, అసలు ఇంజిన్ కుప్పం దగ్గర ఒక రైతుది. కోయంబత్తూరు ప్లేటు బిగిస్తే కోయంబత్తూరు స్పేర్లు సరిపోతాయని ఆయన గట్టి నమ్మకం. ఫారిన్ పేరుంటే తన ఇంజిన్ తొందరగా అమ్ముడవుతుందని ఖాదర్ నాన్న ఆశ. ఇద్దరూ సంతోషంగా ప్లేట్లు మార్చుకున్నారు. స్పేర్లూ సరిపోలేదు, ఇంజినూ అమ్ముడుపోలేదు.

"అసలు ఇంజినుకి సౌండే గుర్తు సార్. ఒగసారి డబ్ అంటాది, నాలుగైదు సుట్లు గమ్మునుంటాది. నంబరు చక్రం మీద గూడా ఉండాది" అంటూ ఖాదర్ ప్లేటు ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

పలమనేరులో బస్సు మారి పన్నెండింటికి కుప్పం చేరాను. అక్కడి నుంచి ఆటో. ఆ రైతు ఇప్పుడు లేడు. ఆయన భార్య మునెమ్మ నేను చెప్పిందంతా విని, పెట్రోలు పోసి, కొంగు దోపి చక్రం తిప్పింది. డబ్! తర్వాత చక్రం నాలుగు చుట్లు ఊరికే తిరిగింది. మళ్లీ డబ్! ఆపాక చక్రం మీది కుంకుమ తుడిస్తే నంబరు బయటపడింది. ప్లేటు మీదున్నదే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఇంజిన్ మీది కోయంబత్తూరు ప్లేటు విప్పేందుకు స్క్రూడ్రైవర్ తీశాను. మునెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"యాల మార్సేది? ఏటా ఆయుధపూజకి ఈ పేరుకే బొట్టు పెడతాండాను. మా ఆయన ముచ్చటపడి పెట్టించింది."

"కానీ అమ్మా, దీని అసలు పేరు ఇదీ."

ఆమె నా ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"అంత ముద్దుగా ఉంటే నువ్వే తగిలించుకో అప్పా."

నాలుగింటి బస్సులో తిరుగుముఖం పట్టాను. అధ్యాయం దక్కింది, అందులో సగం మాత్రం తిరగరాయాలి. నవ్వొస్తోంది, కొంచెం సిగ్గుగానూ ఉంది. మీరెవరైనా వెళితే కుప్పంలో దిగి మునెమ్మగారి ఇంజిన్ అనే అడగండి. ఆ విదేశీ కంపెనీ పేరెత్తారో, అలాంటిది మా ఇంట్లో లేదని ఆమే పంపించేస్తుంది.