ఆ గడప ముందర ఆగిన తప్పెట

కుందుర్పి తట్టు పల్లెల్లో తలారి దాసప్ప గొంతు తెలియనివాళ్ళు లేరు. మనిషిని చూస్తే ఎండకు ఆరబెట్టిన మిరపకాయ మాదిరి ఉంటాడు. నోరు తెరిచినాడంటే మాత్రం గుట్ట అవతల గొర్రెలు మేపుకునేవాడు కూడా తల ఎత్తి వినాల్సిందే. రేషను చక్కెర వచ్చినా, గొడ్లకు సూదులు వేసేవాళ్ళు వచ్చినా, ఊరికి కబురు ఆయన నోటి నుంచే. పంచాయతీ ఆఫీసులో రేడియో ఒకటి ఉండేది గానీ, కరెంటు ఉన్నప్పుడే అది పలికేది. ఆ కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

దండోరాకు పోయేముందు ఆయనది ఒక వరస. శెనక్కాయ పొట్టుతో మంట వేసి తప్పెటకు సెగ చూపేవాడు. చర్మం బిగిసేదాకా తిప్పి తిప్పి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. అది చూసి పెండ్లాము ఓబమ్మ ఊరుకునేది కాదు.

"ఆ తోలు ముక్కకు పెట్టినంత చెవి నా మాటకు ఎన్నడన్నా పెట్టినావా?"

"నీ మాటకు సెగ చూపే పని లేదు గదే, ఎప్పుడూ వేడి మీదనే ఉంటాది."

ఈ పని ఆయనకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది. పనితో బాటు ఒక కట్టుబాటు కూడా వచ్చింది. ఎవరింట్లోనైనా చావు జరిగితే, శవాన్ని సాగనంపేటప్పుడు ఆ ఇంటి ముందర తప్పెట మోగుతుంది. ఆ తర్వాత కర్మ చేసే పెద్దదినం అయ్యేదాకా ఆ గడప ముందర మళ్ళీ మోగకూడదు. మోగితే ఇంకొకరిని రమ్మని పిలిచినట్టు. అందుకని దండోరా వేస్తూ పోయేవాడు ఆ ఇంటి దగ్గరికి రాగానే తప్పెటను చంకలో పెట్టుకుని, నోరు మూసుకుని, తల వంచుకుని దాటిపోవాలి. నాయన నేర్పిన ఈ మర్యాదను దాసప్ప ఏనాడూ తప్పలేదు. తప్పలేదనే తర్వాత బతికినన్నాళ్ళూ కుమిలిపోయినాడు.

వానలు మొకం చాటేసిన ఏడు అది, ఎనభైల మొదట్లో. రైతులందరూ బోర్ల మీద పడినారు. ఊరి బయట చిన్న సబ్‌స్టేషను ఒకటి ఉండేది గానీ, అన్ని మోటర్లకు అది ఎక్కడ చాలుతుంది? బల్బులో తీగ ఎర్రగా కనబడేది తప్ప వెలుతురు ఉండేది కాదు. మోటర్లు గుర్రుమని మూలిగి కాలిపోయేవి. అందరికంటే ఎక్కువ అగచాట్లు పడినవాడు బయ్యన్న. రెండు తూర్లు మోటరు కాలిపోయి, పైరు కండ్ల ముందరే మాడిపోతే, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేయించండి సామీ అని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినాడు. ఆ ఎండల్లోనే ఒకరోజు చేను గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు.

బయ్యన్నను దిన్నె మీద పూడ్చినారు. సబ్‌స్టేషను కంచెకు పడమర తట్టు, ఆయన చేనును ఆనుకుని ఉండే తంగేడు పొదల దిన్నె అది. వాళ్ళ నాయన, జేజినాయన కూడా అక్కడే ఉన్నారు. కాగితాల్లో ఆ దిన్నె సర్కారుది. ఊరి లెక్కలో మాత్రం బయ్యన్న వాళ్ళది. దాన్ని గురించి ఎవరూ ఎప్పుడూ అడిగింది లేదు.

ఇంట్లో ఇక మిగిలింది భార్య వెంకటలక్ష్మమ్మ, చెవులు వినపడని ముసలి అత్త. ఒక్క కూతురు, అది చిలమత్తూరులో కాపురం చేసుకుంటున్నది. మొగుడు పోయిన ఆడమనిషి ఇంట్లో మూల కూర్చోవాలి, పుట్టింటివాళ్ళు వచ్చి వెలుపలికి తీసుకొచ్చేదాకా గడప దాటకూడదు. వెంకటలక్ష్మమ్మ పుట్టింట్లో అన్న ఒక్కడే ఉన్నాడు, ఆయనా జబ్బు మనిషి. ఆయన వచ్చేసరికి నెలలే గడిచిపోయినాయి. అన్నాళ్ళూ ఆమెకు లోకమంటే వాకిట్లో నుంచి కనబడే వీధి ముక్క ఒక్కటే.

పెద్దదినం ఇంకా కాలేదు. సర్పంచు ఈశ్వరప్ప దాసప్పను పిలిపించినాడు.

"ఏమప్పా దాసప్పా, తప్పెట కాంచుకో. సబ్‌స్టేషను పెద్దది చేస్తారంట. బేస్తవారం ఇంజనీరు వస్తాడు. ఎవరికి ఏ అడ్డం ఉన్నా ఆపొద్దే వచ్చి చెప్పుకోవల్ల. వెనక నాకు తెలీదంటే కుదర్దు."

"పెద్దదంటే ఎంత పెద్దదయ్యా?"

"మన మోటర్లు కాలకుండా ఉండేంత. పో పో, ఆలస్యం చేస్తే పక్కూరోళ్ళు తన్నుకుపోతారు."

దాసప్ప ఉత్సాహంగా బయలుదేరినాడు. వీధి వీధికీ నిలబడి, తప్పెట మోగించి గొంతెత్తినాడు. "ఊర్లో చిన్నా పెద్దా ఇనుకోండహో! బేస్తవారం పొద్దున సబ్‌స్టేషను కాడికి ఇంజనీరు దొర వస్తాండాడు! కంచె పెద్దది చేస్తారంట, కొత్త మిషను పెడతారంట! ఎవరి బూమికి అడ్డమొచ్చినా, ఎవరికి ఇష్టం లేకపోయినా వచ్చి చెప్పుకోండహో!"

బయ్యన్న ఇంటి దగ్గరికి వచ్చేసరికి చేయి దానంతటదే ఆగిపోయింది. తప్పెట చంకలోకి పోయింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దీపం పక్కన, తల మీద కొంగు కప్పుకుని గోడకు ఆనుకున్న మనిషి నీడ కనబడింది. దాసప్ప తల వంచుకుని దాటిపోయినాడు. వీధి మలుపు తిరిగినాక మళ్ళీ తప్పెట మోగింది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఓబమ్మ అడిగింది. "బయ్యన్న ఇంట్లో చెప్పినావా? ఆ దిన్నె కంచె పక్కనే గదా ఉండేది."

"సూతకం ఇంట్లో సబ్‌స్టేషను మాటలేందే? ఎవరో ఒకరు చెప్తారులే."

"ఎవరో ఒకరంటే ఎవరు?"

"ఇంత ఊరు లేదా?"

ఊరు ఉంది. ఊరంతా ఆ ఇంటికి పోయి వచ్చింది కూడా. ఒకరు బియ్యం ఇచ్చినారు, ఒకరు కట్టెలు వేసినారు, ఓబమ్మే ఉలవచారు కాచి గిన్నెతో తీసుకుపోయింది. పక్కన కూర్చుని కండ్లు తుడుచుకుని వచ్చిందే గానీ ఆ మాట ఎత్తలేదు. ఏడ్చే మనిషి ముందర భూమి మాట, కంచె మాట ఎలా తీసేది? అందరూ అట్లే అనుకున్నారు. అందరూ మంచివాళ్ళే.

బేస్తవారం ఇంజనీరు వచ్చినాడు. కంచె దగ్గర నిలబడి నిదానంగా చెప్పినాడు. "తూర్పుకన్నా జరపల్ల, పడమరకన్నా జరపల్ల. తూర్పున అంతా గుండ్లు. పగలగొట్టేది కష్టమే గానీ చేయలేమని కాదు. పడమర ఐతే సులువు. కానీ ఆ దిన్నె మీద సమాధులు ఉన్నట్టుండాయే, ఎవరివి?"

"బయ్యన్నోళ్ళవి సార్," అన్నారెవరో.

"వాళ్ళకు ఒప్పుదలేనా? వాళ్ళ తరపున ఎవరన్నా వచ్చినారా?"

ఎవరూ రాలేదు.

"ఊర్లో దండోరా వేసినారు గదా?" అని అడిగినాడు ఇంజనీరు.

అందరి తలలూ దాసప్ప వైపు తిరిగినాయి. అంతమంది పెద్దమనుషుల మధ్య ఒక దొర తనను చూసి అడగడం దాసప్పకు అదే మొదలు. రొమ్ము కొంచెం పొంగింది. "ఊరంతా వేసినా సార్," అన్నాడు.

అన్న తర్వాత గుర్తుకొచ్చింది, ఒక్క గడప. నాలుక చివరి దాకా వచ్చింది. అప్పటికే ఈశ్వరప్ప అందుకున్నాడు. "ఇంక అడిగేదేముండాది సార్? రాలేదంటే ఒప్పుకున్నట్టే. బయ్యన్న ఉన్నా ఇదే మాట అంటుండె, కరెంటు కోసం ఎంత తిరిగినాడో మనిషి." జనం ఔనౌనన్నారు. ఇంజనీరు సున్నంతో పడమర తట్టు గీత గీయించినాడు. పెద్దలు మాట్లాడినాక తలారి మళ్ళీ నోరు తెరవడం ఊర్లో ఎన్నడూ లేదు. దాసప్ప పైగుడ్డ భుజం మీదికి సర్దుకున్నాడు. అంతే.

పని మొదలైంది. ఇనుప స్తంభాలు లేచినాయి, సిమెంటు దిమ్మెలు లేచినాయి. సమాధుల మీది రాళ్ళను ఏరి ఒక మూల కుప్ప పోసి, దిన్నెనంతా చదును చేసి కంకర పరిచినారు. సామాన్ల కావలికి దాసప్పనే పెట్టినారు. రోజూ ఆ కంకర పక్కనే కూర్చునేవాడు గానీ దాని మీద మాత్రం కాలు పెట్టేవాడు కాదు.

పెద్దల అమావాస్యకు రెండు రోజుల ముందు వెంకటలక్ష్మమ్మను వాళ్ళ అన్న గడప దాటించి పోయినాడు. అమావాస్య నాడు ఆమె కొత్త గంపలో సంగటి ముద్ద, వంకాయ కూర, బయ్యన్నకు ఇష్టమని శెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టుకుని, గుడ్డ కప్పుకుని దిన్నెకు వచ్చింది. వచ్చి తీగల కంచె ముందర నిలబడిపోయింది. దావ తప్పినాననుకుందో ఏమో, వెనక్కి తిరిగి తన చేను చూసుకుంది, మళ్ళీ ముందుకు చూసింది.

"దాసప్పా, మా ఆయప్ప యాడ?"

దాసప్ప లేచి నిలబడినాడు. చేయి చూపించినాడు. దిమ్మెకూ కంచెకూ నడుమ, కంకర కింద.

"దండోరా వేసినారమ్మా," అన్నాడు చివరికి.

"విన్యా. పక్క వీధిలో మోగింది విన్యా, ఇంట్లో ఏడుపుల నడుమ మాటలు తెలీలేదు. మా వీధికి వస్తాండావు, వాకిట్లోకి వచ్చినాక ఏం కబురో ఇందామని చెవి పెట్టుకునుంటి. రాలేదు. మాకు చెప్పే కబురు కాదేమోలే అనుకుంటి."

ఆమె ఏడవలేదు. గంపలోవి ఒక్కొక్కటే తీసి కంచె ఇవతల నేల మీద పెట్టింది. తీగ సందులో నుంచి చేయి పెట్టి ముద్ద అవతల పెట్టబోయింది, అందలేదు. "కరెంటు కరెంటని పాయె. ఇప్పుడు దాని కిందనే ఉండాడు," అంది, ఆ కంకరతోనే చెబుతున్నట్టు.

ఆ మర్నాడు దాసప్ప పొద్దున్నే ఇంజనీరు జీపు కోసం దావలో నిలబడినాడు. సార్, కంచె కొంచెం ఇవతలికి జరిపితే, ఒక చిన్న దావ వదిలితే, అని కాళ్ళావేళ్ళా పడినాడు.

"దిమ్మెలు పోసేసినాము దాసప్పా. పైన తీగలు లాగినాక దాని కింద మనిషిని ఎట్లా రానిచ్చేది? ప్రాణం పోతాది. ఆపొద్దే ఒక్క మాట చెప్పింటే తూర్పుకు జరుపుతుంటి గదా. నేను అడిగితిని," అన్నాడాయన. కోపంగా కాదు, నొచ్చుకుంటూనే అన్నాడు. దాసప్పకు కోపంగా అని ఉన్నా బాగుండేదనిపించింది.

తలారికి ఊర్లో జీతమంటూ పెద్దగా లేదు. మాపటేళ గిన్నె పట్టుకుని ఇంటింటికీ పోతే ఇంత సంగటి, ఇంత చారు పోస్తారు. అది అడుక్కునేది కాదు, ఆయన హక్కు. బయ్యన్న ఉన్నప్పుడు ఆ ఇంట్లో ముద్ద రవంత పెద్దదే పడేది. అమావాస్య నుంచి దాసప్ప ఆ ఇంటి తట్టు గిన్నె తీసుకుపోవడం మానేసినాడు. ఓబమ్మ అడిగితే, ఆకలి లేదన్నాడు.

చలికాలం వచ్చేసరికి పని అయిపోయింది. ఈశ్వరప్ప మళ్ళీ పిలిచి కబురు చెప్పినాడు. దాసప్ప పొట్టు మంట వేసినాడు. ఎంత సెగ చూపినా తప్పెట బిగిసినట్టు అనిపించలేదు.

వీధులన్నీ తిరిగి బయ్యన్న ఇంటి దగ్గరికి వచ్చినాడు. పెద్దదినం దాటి నెలలయింది, ఇప్పుడు ఏ కట్టుబాటూ లేదు. అయినా తప్పెట చంకలోకి పోతుంటే వాకిట్లో నుంచి మాట వచ్చింది.

"ఎందుకు దించుతావు? కొట్టు దాసప్పా. ఈతూరి మా వాకిట్లోనే కొట్టు."

వెంకటలక్ష్మమ్మ చేట పక్కన పెట్టి గడప మీదికి వచ్చి నిలబడింది. దాసప్ప తప్పెట ఎత్తినాడు. మోగించినాడు. గొంతు విప్పినాడు.

"ఇనుకోండహో! రేపటి నుంచి సబ్‌స్టేషనులో పెద్ద కరెంటు వస్తాది! గొడ్లను ఆ తట్టు తోలవద్దండహో! కంచె దగ్గరికి..."

అక్కడ ఆగిపోయినాడు. ఆమె అలాగే చూస్తూ ఉంది. చెప్పేదాకా కదిలేటట్టు లేదు.

"కంచె దగ్గరికి ఎవరూ... ఎవరూ పోకూడదమ్మా," అన్నాడు. అది దండోరా గొంతు కాదు.

"సరే. విన్యా," అంది వెంకటలక్ష్మమ్మ. చేట తీసుకుని లోపలికి పోతూ మళ్ళీ తిరిగింది. "మాపటికి సంగటికి రా. గిన్నె ఎందుకు తేవడం లేదు నువ్వు? ఆయప్ప ఉండి ఉంటే తిడుతుండె."

పొద్దు గుంకినాక దాసప్ప పోయినాడు. గిన్నె చాచి తల ఎత్తకుండా నిలబడినాడు. ముద్ద పడింది, ఎప్పటి మాదిరే రవంత పెద్దది. దాని మీద ఊరుబిండి. ఇంటికి తెచ్చి పెడితే ఓబమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఎవరింటిదిది? ఇంత బాగుండాది."

దాసప్ప ముద్ద విరిచి నోట్లో పెట్టుకున్నాడు, చాలాసేపు నములుతూనే ఉన్నాడు. మర్నాడు ఊర్లో బల్బులన్నీ ఒక్కసారిగా తెల్లగా వెలిగినాయి. పిల్లలు వీధుల్లో కేకలు పెట్టినారు. ఆ తర్వాత ఏ చావింటి ముందరికి వచ్చినా ఆయన తప్పెట చంకలో పెట్టుకునేవాడు గానీ దాటిపోయేవాడు కాదు. పైగుడ్డ తీసి చేతిలో పట్టుకుని గడప పక్కన కూర్చుని, లోపలి మనిషికి వినపడేంత మాత్రం, కబురు మొదటి నుంచి చివరి దాకా మెల్లగా చెప్పి లేచేవాడు.