పెన్ను పట్టే కట్టు

నారాయణగూడ ఫ్లైఓవర్‌కు దగ్గర్లోని ఒక ఎముకల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ప్లాస్టర్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఈ సంగతి కొన్నేళ్ల కిందట జరిగింది. అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. మా దగ్గర వరుస ఇది: పెద్ద డాక్టరు గారు నిర్ణయిస్తారు, డ్యూటీ డాక్టరు చీటీ రాస్తారు, కట్టు నేను వేస్తాను. చీటీ లేకుండా దూది కూడా ముట్టను. చీటీ చేతికొచ్చాక మాత్రం ఆ గదిలో నా మాటే చెల్లాలి. కొందరు డాక్టర్లు మూతి ముడుచుకునేవారు గానీ, ఒప్పుకునేవారు.

ఆ రోజు వచ్చినామె పేరు సుజాత. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. హాస్టల్ మెట్ల మీద జారి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడింది. ఇరవై ఆరు రోజుల్లో మెయిన్స్. పేపరుకు మూడు గంటల చొప్పున చేత్తో రాయాల్సిన పరీక్షలు.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. బొటనవేలు బారజాపితే దాని మొదట్లో ఒక చిన్న గుంట పడుతుంది. పాతకాలం వాళ్లు నశ్యం పోసుకుని పీల్చే చోటు అది. పెద్ద డాక్టరు గారు అక్కడ నొక్కగానే ఆమె కేక పెట్టింది. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే ఎముక ఉంటుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో అదొకటి, పెద్ద జీడిపప్పంత ఉంటుంది. విరిగినా చాలాసార్లు మొదటి ఎక్స్‌రేలో దొరకదు, పది పన్నెండు రోజులకు గీత తేలుతుంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు సరిగా అందదు. కదలకుండా పట్టకపోతే అతకకుండా పోయి, మణికట్టు జీవితాంతం సతాయిస్తుంది. అందుకే అనుమానం ఉన్నా కట్టేస్తాం, బొటనవేలి కింది కణుపుతో సహా.

"ఎక్స్‌రేల ఏం లేదన్నరు గద సార్. బొటనవేలు జర వదిలిపెట్టండి. మూడేండ్ల సంది చదువుతున్న," అని బతిమాలింది.

"వదిలేది లేదు. రాసేటట్టే కడ్త బిడ్డా, నీ పెన్ను తియ్యి," అన్నాను.

మామూలుగా ఈ కట్టు గ్లాసు పట్టుకున్న భంగిమలో వేస్తాం. నేను పెన్ను పట్టించి, తడి ప్లాస్టర్ చుట్టి, గట్టిపడేదాకా ఆ బొటనవేలిని అలాగే పట్టుకున్నాను. తరవాత పేరు రాయమన్నాను. ముత్యాల్లా రాసింది. డ్యూటీ డాక్టరును పిలిచి మరీ చూపించుకుని మురిసిపోయాను.

పన్నెండో రోజు మళ్లీ ఎక్స్‌రేకు వచ్చింది. బొటనవేలి దగ్గర ప్లాస్టర్ సగం లేదు. హాస్టల్ వంటింటి చాకుతో చెక్కేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. నీకు చెయ్యి కావాల్నా వద్దా అని అరిచాను. ఆమె ఏడవలేదు. సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది. కట్టుతో రాసిన మోడల్ పేపరు. మొదటి పేజీ చక్కగా ఉంది. మూడో పేజీకి అక్షరాలు వంకర్లు పోయాయి. ఆరో పేజీలో ఉత్త గీతలే. బొటనవేలి మొదట్లో ప్లాస్టర్ అంచు అరచేతిని నొక్కి నొక్కి, అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కాయట.

"పేరు రాసెతందుకు ఎంతసేపు పడ్తది సార్? నేను మూడు గంటలు రాయాలె," అంది.

నాకు సిగ్గేసింది.

ఎక్స్‌రేలో ఎముక నడుమ సన్నని గీత తేలింది. అదృష్టం బాగుండి ముక్కలు కదల్లేదు. ఇది ఎవరు కోశారని పెద్ద డాక్టరు గారు కోప్పడ్డారు. కోసింది ఆమే అయినా, అంచు సరిగా చూడని తప్పు నాదేనని చెప్పాను. ఆయన నా వంక ఒకసారి చూసి, కొత్త కట్టుకు చీటీ రాయించారు.

ఈసారి బొటనవేలిని వెంట్రుకవాసి కూడా కదలనివ్వలేదు గానీ, అరచేతిలో అంచును, వేళ్లు మడిస్తే పడే గీతకు వెనకే ఆపాను. ప్లాస్టర్ పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది. మూడో రోజు పిలిపించి, నా గదిలో ఒక మూల స్టూలు వేసి, పరీక్షలో లాగే మూడు గంటలు రాయించాను. ఎక్కడ నొక్కితే అక్కడ చెప్పమన్నాను. చెప్పిన ప్రతిసారీ గోరంత తీసి, దూది సర్దాను. నాలుగుసార్లు సర్దాక, ఆఖరి పేజీ అక్షరాలు మొదటి పేజీ అక్షరాల్లాగే వచ్చాయి.

మెయిన్స్ అన్ని పేపర్లూ ఆ కట్టుతోనే రాసింది. పన్నెండు వారాలకు ఎముక అతికింది. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ మాట చెప్పడానికి తనే వచ్చింది. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూపించి, మళ్ల రాస్త సార్ అని వెళ్లింది.

అప్పటిదాకా కట్టు వేసే ముందు, ఈ చేత్తో ఏం పని చేస్తావని అడిగేవాణ్ణి. ఆ తరవాత రిటైరయ్యే రోజు వరకు, ఎంతసేపు చేస్తావని కూడా అడిగాను.