కుడి అంచు

గద్వాల నేతగాడు తిప్పన్న చీర నేస్తుంటే, కుడి అంచుకు పట్టుదారం చుట్టిన నాడెను పోగుల మధ్యకు వేసేది పక్క పీట మీద కూర్చున్న భార్య ఈరమ్మ. "ఏసినవా?" అని అతనడగడం, "ఏసిన" అని ఆమె అనగానే అతను పోగు బిగిసేలా పలకతో దెబ్బ వేయడం. ఇరవై ఏళ్లు అదే మాట.

ప్లేగు ఈరమ్మను తీసుకుపోయింది. భయంతో ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఒంటరిగా మగ్గమెక్కిన తిప్పన్న అలవాటు కొద్దీ అడిగాడు.

"ఏసినవా?"

"ఏసిన" అంది గోడ అవతల నుంచి పక్కింటి పద్మమ్మ, విని ఊరుకోలేక.

తిప్పన్న తల తిప్పలేదు. తిప్పితే ఖాళీ పీట కనబడుతుంది. దెబ్బ వేశాడు. అట్లా రోజూ అడిగాడు, రోజూ ఆమె పలికింది.

నెలకు మగ్గం మీంచి చీర దిగింది. కుడి అంచు పొడవునా పట్టుపోగులు నేయకుండానే వేలాడుతున్నాయి. తిప్పన్న దాన్ని మడిచి పెట్టి గోడ దగ్గరికి వెళ్లాడు.

"రేపు ఇంకోటి మొదలువెడుత. యాడికి పోకు, పద్మక్కా."