మైకు కట్టేసిన మాస్టరు

మా ఆర్కెస్ట్రా మాస్టరు పోయిన సంగతి మంగళవారం పొద్దున ఆఫీసుకు పోయే బస్సులో తెలిసింది. పాత సింగర్లూ వాయించేవాళ్ళూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మా తబలా ఆయన పెట్టాడు. కుప్పంలో కూతురింట్లో, నిద్రలోనే పోయాడట. బస్సు చౌడేపల్లె దాటేలోపు దండాల బొమ్మలు వరస కట్టాయి. ఒకరు సంగీత సరస్వతి అన్నారు. ఒకరు తండ్రిలాంటి మనిషి అన్నారు. ఎవరి మనసూ నొప్పించి ఎరగడు అని ఒకామె రాసింది. ఆమెనే ఆయన ఒక పెండ్లిలో స్టేజీ మీద అందరూ వినేట్టు 'రేకుడబ్బా గొంతు' అన్నాడు. ఆ పొద్దు నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మా ఇద్దరి మధ్య తగవు తేలకుండానే పోయాడు. ఆయన్ను 'పోయాడు, అన్నాడు' అని రాస్తున్నందుకు చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు. ఎదురుగా ఉన్నప్పుడు సార్ అన్నాను, వెనకాల ఎప్పుడూ ఇలాగే అన్నాను. మనిషి లేడు కదా అని ఇప్పుడు గౌరవం చేరిస్తే అది నటన అవుతుంది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఆయన దగ్గర చేరాను. మదనపల్లెలో సైకిల్ షాపు మీద మిద్దెగది, అదే మా ప్రాక్టీసు గది. మా అమ్మ టమాటా మండీలో కాయలు ఏరే పని చేసేది. ఆడబిడ్డ పెండ్లిళ్ళలో పాడేదేమిటని ఆమె ఒప్పుకోలేదు. ఆయన మండీకే వెళ్ళి, గంపల మధ్య నిలబడి, మీ గడప దాకా మా ఇంటామె తోడొస్తుంది అని మాటిచ్చాడు. నేనున్న ఆరేళ్ళూ ఆ మాట తప్పలేదు. ఆయన భార్య, మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం, ప్రతి ప్రోగ్రాముకూ మాతో వ్యానులో వచ్చేది, నన్ను ఇంట్లో దింపాకే తను ఇల్లు చేరేది. మంచి చెప్పాలంటే ఇక్కడితో మొదలుపెట్టాలి. ఇక్కడ మొదలుపెడితే మిగతాది చెప్పడం కష్టమవుతుంది.

మావి సినిమా పాటలు. పెండ్లి, రిసెప్షన్, గృహప్రవేశం, ఎక్కడైనా అవే. ఆయనకున్న చెవి లాంటిది నేను మళ్ళీ చూడలేదు. కొత్త పాట ఒకటి పుంగనూరు బస్సులో రెండుసార్లు వింటే, దిగేలోపు స్వరాలన్నీ చిన్న నోటుబుక్కులో రాసి ఉండేవి. చెప్పులు విప్పి గాని కీబోర్డు ముందు కూర్చునేవాడు కాదు. దాని మెట్లన్నీ అక్క పాత చీరముక్కతో ఒక్కొక్కటిగా తుడిచేవాడు. ఆ తర్వాత మా వంతు. అసలు గాయని ఎక్కడ ఊపిరి తీసుకుందో మేమూ అక్కడే తీసుకోవాలి. ఆమె ఒక మాటను కొంచెం నలిపి పాడితే మేమూ అంతే నలపాలి. నేనొకసారి పల్లవి చివర సొంతంగా చిన్న సంగతి వేశాను. అదే లైను నాచేత మధ్యాహ్నమంతా పాడించాడు. చివరికి గొంతు బొంగురు పోయింది.

"గొంతు బాగుండాది పాపా, బుద్ధే బాగలేదు," అన్నాడు. "తప్పు పాడితే జనాలు మన్నిస్తారు. కొత్తగా పాడితే మన్నించరు."

ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. జనం మన కోసం రాలేదు, పెండ్లి కోసం వచ్చారు అని. ఆ మాటను నేను ద్వేషించేదాన్ని. ఎందుకంటే నేను అప్పటికే పాటలు రాస్తున్నాను.

మొదటి పాట మా అమ్మ మీద రాశాను. మండీలో పొద్దుటి నుంచి గొంతుక్కూర్చుని కాయలు వేరు చేసే మనిషి మీద. 'పండినవొక పక్క, పగిలినవొక పక్క, ఏరేటి మాయమ్మ యే పక్క?' అని పల్లవి. బాణీ కూడా నాదే. మూడు నెలలు ఎవరికీ వినిపించలేదు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక, అందరూ టీ తాగడానికి దిగిపోయాక, ఆయన ఒక్కడికే పాడి వినిపించాను. పాడుతున్నంతసేపూ ఆయన కీబోర్డు మెట్లు తుడుస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

"రెండో చరణంలో మీయమ్మ లేదు, నువ్వుండావు," అన్నాడు పాట అయ్యాక. "ఆమె పని ఆమె చేసుకుంటాంటే మధ్యలో నువ్వు యాల దూరి ఏడుస్తావు?"

ఇది మన ప్రోగ్రాములకు పనికిరాదని కూడా చెప్పి, తాళంచెవులు తీసుకుని లేచాడు. బాగుంది అనే మాట కోసం ఆయన ముఖం వంక చూశాను. ఆ మాట ఆయన నోట రాలేదు.

ఆ తర్వాత నేను చేసింది తప్పే. ఒప్పుకుంటాను. మదనపల్లెలోనే ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్. పెండ్లికూతురి మేనత్త అడిగిన సినిమా పాటకు ఆయన మొదటి ముక్క వాయించి, నాకు సైగ చేశాడు. నేను ఆ పాట అందుకోకుండా నా పాట ఎత్తుకున్నాను. తబలా ఆయన రెండు క్షణాలు తబ్బిబ్బై, తర్వాత నాతో కలిశాడు. పల్లవి ఒకసారి అయ్యింది. రెండోసారి 'ఏరేటి మాయమ్మ' అనేసరికి నా గొంతు నాకే వినిపించలేదు. మిక్సరు ఆయన మోకాలి పక్కనే ఉంటుంది. నా మైకు కట్టేశాడు. ఇంకో అమ్మాయికి సైగ చేస్తే ఆమె సినిమా పాట అందుకుంది. నేను స్టేజీ మీద నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. ముందు వరసలో ఎవరో నవ్వారు.

పాట అయ్యేదాకా కూడా ఉండలేదు. స్టేజీ దిగి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. ఆయన నన్ను పిలిపించలేదు. నేనూ వెళ్ళలేదు. అక్క మాత్రం ఒకసారి ఇంటికి వచ్చి, అమ్మతో కూర్చుని టీ తాగి, ఆయన పేరెత్తకుండా వెళ్ళింది.

ఉద్యోగం వచ్చింది, మండలాఫీసులో టైపిస్టుగా. కాలేజీ రోజుల నాటి ఇద్దరు స్నేహితులతో కలిసి నా పాటలే పాడడం మొదలుపెట్టాను. ఒకరు గిటారు, ఒకరు డప్పు. స్కూలు వార్షికోత్సవాలు, సంఘాల సభలు, ఒకసారి గుర్రంకొండలో ఎవరిదో రిటైర్మెంటు సభ. ఒక్క సినిమా పాట కూడా పాడకూడదని పంతం పట్టాం. పంతం బాగానే ఉండేది, కుర్చీలు మాత్రం ఖాళీగా ఉండేవి. రెండో పాటకల్లా ఫోన్లు బయటికి వచ్చేవి. నిర్వాహకులు మర్యాదగా చీటీ పంపేవారు, ఏదైనా తెలిసిన పాట పాడండి అని. ఆ చీటీ చూసినప్పుడల్లా మాస్టరు ముఖం కనిపించేది, ఆ కోపంలో ఇంకో సొంత పాట ఎత్తుకునేదాన్ని.

రెండేళ్ళు అలా గడిచాక పుంగనూరులో మా చిన్నమ్మ కూతురి పెండ్లి. ఆర్కెస్ట్రా ఎవరిదో నేను అడగలేదు. బంతిలో కూర్చుని అన్నం కలుపుతుంటే స్టేజీ మీంచి నా పాట వినిపించింది. నా పల్లవి, నా బాణీ. కానీ నేను ఎప్పుడూ ఊహించని విధంగా నడుస్తోంది. నేను నీరసంగా లాగిన చోట డోలు దెబ్బ పడుతోంది. 'యే పక్క' అన్నచోట వాయిద్యాలన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగులుతోంది. రెండో చరణం లేదు, మొదటి చరణం నుంచి తిన్నగా మూడోదానికి పోయారు. జనం మాటలు ఆపి వింటున్నారు. నా ఎదురు వరసలో ఒక ముసలామె ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పాట అయ్యాక ఇంకోసారి అని అరుపులు. అప్పుడు మాస్టరు మైకు తీసుకుని, ఇది రాబోయే సినిమాలో పాట, ఈ జిల్లాలో మొదట మీకే వినిపిస్తున్నాం అన్నాడు.

ఎంగిలి చేత్తోనే స్టేజీ వెనక్కి పోయాను. పూర్తిగా ఒక్కసారే విన్నది, అదీ మెట్లు తుడుస్తూ విన్నది, మొత్తం గుర్తుపెట్టుకున్నాడు. ముందు ఆ సంగతికే ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. దొంగ అన్నాను. ఆయన అప్పుడే ఎవరో తెచ్చిచ్చిన భోజనం ప్లేటు పట్టుకుని అంతా విన్నాడు.

"నీ పేరు చెప్పింటే ఎవురు వినింటారు?" అన్నాడు. "లేచి చేతులు కడుక్కునేదానికి పోయింటారు. సినిమా పాట అంటే కూర్చున్నారు. పాటకి జనాల్ని కూర్చోబెట్టినాను, నీకు అది కండ్లకి కనపడల్యా?"

"నా పేరుతో కూర్చోబెట్టండి సార్, అప్పుడు ఒప్పుకుంటా."

"సరే, కుప్పంలో వచ్చే ఆదివారం రిసెప్షన్ ఉండాది. నువ్వే వచ్చి పాడు. నీ పేరే చెప్తా. తెలుసుకుందువు."

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది అని చాలాసార్లు అనుకున్నాను. సాయంత్రం ఆరుకు హాలు నిండుగా ఉంది. శాంతిపురం నుంచి రెండు బస్సుల బంధువులు వచ్చారు. ఆయన నాలుగు సినిమా పాటలు వరసగా నడిపి, హాలును వేడెక్కించి, నన్ను ముందుకు పిలిచి, ఇప్పుడు పాడబోయే పాట ఏ సినిమాలోదీ కాదు, ఈ అమ్మాయి సొంతంగా రాసుకుంది అని నా పేరూ మా ఊరి పేరూ స్పష్టంగా చెప్పాడు. పల్లవి అయ్యేలోపు కుర్చీలు జరిపిన చప్పుళ్ళు. భోజనాల దగ్గర వరస పెరిగింది. మిగిలినవాళ్ళలో సగం మంది అప్పటికే తిన్నవాళ్ళు. రెండో చరణం పాడాలా వద్దా అని ఒక్క క్షణం తడబడ్డాను. పంతానికి పాడాను. ఆయన ఒక్క స్వరం తగ్గించకుండా, ఒక్కసారి కూడా నా వైపు చూడకుండా, నిండు హాలుకు వాయించినట్టే చివరిదాకా వాయించాడు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను అవమానించడానికే పిలిచాడనిపించింది. అవమానించడానికైతే అంత బాగా వాయించాల్సిన పని లేదు.

కీబోర్డుకు గుడ్డ కప్పుతూ అడిగాడు, "ఇంగ చెప్పు. పేరు కావాల్నా, పాట కావాల్నా?"

"రెండూ," అన్నాను.

"అట్లయితే ఇట్లనే పాడు. ఏండ్లు పడతాది. నా దగ్గర అన్ని ఏండ్లు లేవు."

అది ఆయన నాతో అన్న చివరి మాట. నా పాటను సినిమా పాట అని చెప్పి పాడొద్దని మరుసటి రోజు మెసేజీ పెట్టాను. జవాబు రాలేదు, కానీ ఆ రోజు నుంచి ఆయన ఆ పాట ఎక్కడా పాడించలేదు. గెలిచాననుకున్నాను. ఏడాది తిరిగేసరికి పుంగనూరు చుట్టుపక్కల ఆ పాట అడిగేవాళ్ళు లేకుండా పోయారు. మళ్ళీ నేనొక్కదాన్నే మిగిలాను దానికి.

ఇప్పుడు నా ప్రోగ్రాములు ఎలా ఉంటాయంటే, ముందు నాలుగు సినిమా పాటలు, ఊపిరితో సహా సరిగ్గా. ఐదోది నాది. మళ్ళీ రెండు సినిమావి. అప్పుడు ఇంకొకటి నాది. ఈ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నానో వేరే చెప్పక్కర్లేదు. జనం అందరూ కూర్చోరు, కొందరు కూర్చుంటారు. అమ్మ పాటను రెండో చరణం తీసేసే పాడుతున్నాను. తీసేస్తే బాగుంది. ఈ ఒక్క మాట ఆయనకు చెప్పాల్సింది, చెప్పలేదు.

మదనపల్లెలో సంతాప సభ పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. నాకు ముందు మాట్లాడినవాళ్ళు ఆయన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. అందులో ఇద్దరు ఆయన ట్రూపు చీల్చి కొత్త ట్రూపు పెట్టుకున్నవాళ్ళు. నేను లేచి నా మైకు కట్టేసిన సంగతి చెప్పాను. ఇంత చాలమ్మా అని నిర్వాహకుడు చెయ్యి ఊపాడు. ముందు కుర్చీలో కూర్చున్న అక్క అతన్ని ఆపింది.

"చెప్పనీప్పా. ఆయప్ప అట్లాంటోడే," అంది. "వంటింట్లో నేను కూనిరాగం తీస్తే శ్రుతి సూసుకోమ్మే అనేవాడు. ముప్పై ఏండ్లు నేను ఇంట్లో నోరెత్తి ఒక పాట పాడలేదు."

ఆ మాటకు కొందరు నవ్వారు, అక్క నవ్వలేదు. నేను మైకు తిరిగి ఇచ్చి కూర్చున్నాను.

ఆయన్ను ఆఖరుసారి చూసింది పోయిన చలికాలం, కుప్పం రైల్వే స్టేషన్లో. నా పాటలు రికార్డు చేయించడానికి బెంగళూరు పోతున్నాను. ఎదురు ప్లాట్‌ఫారం మీద అక్కా ఆయనా కూర్చుని ఉన్నారు. ఆయనకు ఒక పక్క చెయ్యి పడిపోయిందని అప్పటికే విని ఉన్నాను. ఉన్ని టోపీ పెట్టుకున్నాడు, చాలా చిన్నగా అయిపోయాడు. వాళ్ళకు కొంచెం అవతల ఒక గుడ్డి ఆయన రైళ్ళలో పాడే పాటేదో సాధన చేసుకుంటున్నాడు. మెట్ల వంతెన ఎక్కి దిగితే రెండు నిమిషాలు. నేను టీ స్టాలు పక్కకు తప్పుకుని, అక్కడి నుంచే చూస్తూ నిలబడ్డాను. మాస్టరు పాట వైపు తల వంచి వింటున్నాడు. పాడే ఆయన ఒక చోట స్వరం జారవిడిచాడు. మాస్టరు ముఖం చిట్లించి, అక్క భుజం పట్టుకుని లేవబోయాడు. ఆమె వద్దని కూర్చోబెడుతోంది. ఆయన మళ్ళీ లేస్తున్నాడు. ఇంతలో గూడ్సు బండి మా మధ్యకు వచ్చింది. పెట్టెల సందుల్లోంచి ఆయన ముక్కలు ముక్కలుగా కనిపిస్తూ వచ్చాడు. లేచి నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు. బాగున్న చెయ్యి గాల్లోకి ఎత్తి, ఆ గుడ్డి మనిషికి కనపడదని తెలిసి కూడా, స్వరం ఎక్కడ ఉండాలో ఎత్తు చూపిస్తున్నాడు.