సువర్ణ వేసిన ఆకుకట్ట ముడి

ఖానాపురం హవేలి బస్తీలో నీళ్ల ట్యాంకర్ దగ్గర పుట్టిన మాట మూడు రోజుల్లో ఇల్లందు తండాల దాకా పాకింది. ఆటో జైరాం కూతురు సువర్ణ, విమానంలో తన మీద చెయ్యి వేసిన తాగుబోతు చెయ్యి విరిచేసిందట. ఎవరో తీసిన అర నిమిషం వీడియో ఫోన్లలో తిరిగింది. పక్కింటి భవాని శాలువా కూడా కొని పెట్టింది. విన్నది విన్నట్టు మోసేవాళ్లకు బరువేముంది? చెయ్యి విరగలేదు. జరిగింది అంతకన్నా పాడు.

సువర్ణ చౌక టికెట్ల విమానంలో ఎయిర్ హోస్టెస్. మూడేళ్లు గోవా, బెంగళూరు అంటూ గంటా గంటన్నర దూరాలే తిరిగింది. ఈ ఏడు ఆ కంపెనీ పది గంటల దూరంలోని పరాయి దేశానికి విమానం వేసింది. దూరం మారింది గానీ పద్ధతి మారలేదు. తిండి, జ్యూస్ కొనుక్కున్నవాళ్లకే. గోవాకు ఎన్ని పెట్టెలు ఎక్కించేవారో దీనికీ ఇంచుమించు అన్నే ఎక్కించారు. ఆరో గంటకు అంతా ఖాళీ. మిగిలిన రెండు జ్యూస్ డబ్బాలను సువర్ణకు పైమనిషి, ఆ విమానంలో సిబ్బందికి పెద్దగా ఉన్నామె, వెనక అరలో పెట్టి తలుపు వేసింది. "ఇవి మనకు. ఎవరడిగినా లేవని చెప్పు" అంది.

ఏడో గంటకు జనం కుతకుతలాడారు. ఒకడు ముందు సీటును తన్నాడు. ముందువాడు లేచి ఆ కాలు పట్టి మెలితిప్పాడు. విడదీయబోయిన పెద్దాయన ముక్కు పగిలి చొక్కా ఎర్రగా తడిసింది. ఆ గొడవలోనే ముప్పై ఏళ్లవాడొకడు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"మా అమ్మకు షుగర్ పడిపోయింది చెల్లె. చెమటలు పట్టి సోలిపోయింది. తియ్యగ ఏదన్నా ఇయ్యి."

"ఏం లేవన్నా" అంది సువర్ణ. అంటున్నప్పుడే ఆమె చెయ్యి అర తలుపు మీదికి పోయింది. అతని చూపూ ఆ చేతి వెంటే పోయింది.

తలుపు లాగబోయాడు. ఆమె వీపు ఆనించి అడ్డం నిలబడింది. మొదటి దెబ్బకు పెదవి చిట్లింది. రెండో దెబ్బకు తల ఇనుప అంచుకు కొట్టుకుని కంట్లోకి నెత్తురు కారింది. నలుగురు మగవాళ్లు వచ్చి అతన్ని బోర్లా పడేసి, వీపు మీద మోకాళ్లు పెట్టారు. కదలకుండా పడ్డాక కూడా కొట్టారు. చేతులు కట్టే ప్లాస్టిక్ పట్టీ పెనుగులాటలో తెగింది. సువర్ణ తన మెడలోని స్కార్ఫ్ విప్పింది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తల్లి చాంది వెంట అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు కోసేది. యాభై ఆకులకో కట్ట. ఆకు ఎండి చిక్కినా కట్ట జారకూడదని దానికో ముడి ఉంది. గుంజినకొద్దీ బిగుస్తుందే తప్ప వదులవదు. ఆ గాభరాలో అతని మణికట్ల మీద సువర్ణ చేతులు తమకొచ్చిన ఆ ముడే వేశాయి.

అతను తల్లి సీటు వైపు మూడు గంటలు గుంజుకుంటూనే ఉన్నాడు. ఎడమచేతి వేళ్లు కమిలి నల్లబడుతుంటే సువర్ణ చూసింది. విప్పబోతే తన గోరు ఊడింది గానీ ముడి రాలేదు. కత్తెర అడిగితే పైమనిషి ఇవ్వలేదు. "విప్పితే మళ్లీ కొడతాడు" అంది. దిగాక అక్కడి దవాఖానాలో రెండు వేళ్లు తీసేశారు. తల్లి మాత్రం బతికింది. పక్క సీటాయన జేబులో చాక్లెట్ ఉండబట్టి.

కనుబొమ్మ మీద ఏడు కుట్లతో ఇంటికొచ్చిన సువర్ణకు కంపెనీ ఒక కాగితం పంపింది. ప్రయాణికుడు తాగి దాడి చేశాడని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది, అతను జైలుకు పోతాడు. ఒప్పుకోకపోతే ఉద్యోగం ఉండదు. ఇవాళ పొద్దున ఫోన్ చేస్తామన్నారు.

శాలువా పట్టుకుని భవాని ముందే వచ్చి కూర్చుంది. "ఒప్పుకోరాదె సువర్ణా. నిన్ను కొట్టినోడే గదా."

షేర్ ఆటో తుడుస్తున్న జైరాం గుమ్మంలోంచి అందుకున్నాడు. "నా ఆటోల పదిమందిని ఎక్కిస్త. బస్టాండు దాక ఒకళ్ల ఒళ్లె ఒకళ్లు కూసున్నా నవ్వుకుంటనే పోతరు. గా పదిమందినే గట్లనే భద్రాచలం దాక తీస్కపో. జూలూరుపాడు దాటకముందే గల్లాలు పట్టుకుంటరు."

"గంత తక్కువ టికెట్ లేకుంటే గా ముసలామె విమానం ఎక్కేదా అన్నా?" అంది భవాని.

"ఎక్కియ్యనీ, ఎవలొద్దన్నరు? గంత దూరం ఎక్కిచ్చెటోడు సద్ది గూడ కట్టాలె గదా."

చాంది కూతురి కుట్ల మీద చెయ్యి పెట్టబోయి ఆగింది. "గా ముడి నీకెవలు నేర్పిండ్రే?"

"నువ్వే యాడీ" అంది సువర్ణ, తమ లంబాడీ మాటలో అమ్మను పిలుస్తూ.

చాంది చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోన్ మోగింది. సువర్ణ స్పీకర్ నొక్కి మంచం మీద పెట్టింది.

"కాగితం చదివారు కదా సువర్ణ గారూ," అన్నాడు అవతలి ఆఫీసరు. "ఒక్క ముక్కలో చెప్పండి చాలు. అతను తాగి ఉన్నాడా, లేదా?"

భవాని ఒళ్లో శాలువా సర్దుకుంది. సువర్ణ చిట్లిన పెదవిని ఒకసారి తడుముకుంది.

"తాగలేదు సార్. వాళ్లమ్మ కోసం జ్యూస్ అడిగిండు. రెండు డబ్బాలున్నయి. నేనే లేవన్న."