అత్తరు డబ్బీ లోపలి పని

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ల చేతికి తాడు, మగవాళ్ల చేతికి ఉలి. ఎవడు పెట్టిన రివాజో గాని, తలచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ల నాయన, కడపలో చెక్కను తిప్పుతూ చెక్కి సామాన్లు చేసే తరిమెన పట్టేవాడు. చెక్కను ఇరుసుకు బిగించి, ఇరుసుకు తాడు చుట్టి ఉంచేవాళ్లు. మా జేజి, ఆయన భార్య, ఎదురుగా కూర్చుని ఆ తాడు రెండు కొసలూ అటూ ఇటూ లాగితే చెక్క గిర్రున తిరిగేది, ఆయన ఉలి ఆనించేవాడు. జేజికి రెక్కల నొప్పులు వచ్చాక ఆ తాడు నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు పదేళ్లు.

ఒకసారి అత్తరు సాయిబు ఒకాయన, అత్తరు దూది దాచుకోవడానికి ఎర్రచందనపు డబ్బీ చేసిమ్మన్నాడు. మూతి సన్నం, కడుపు వెడల్పు. లోపల తొలవడానికి కొన వంకీ తిరిగిన ఉలి ఉండేది. జేజినాయన అది మా అన్నకు నేర్పసాగాడు. వాడు రెండు డబ్బీలకు పక్కన బొక్కలు కొట్టాడు. రెండుసార్లూ తప్పు నా తాడుదేనన్నాడు. "సరిగ్గా లాగే! తిన్నదంతా యాడికి పోతాంది?" అని జేజినాయన నన్నే మొట్టాడు.

మర్నాడు వాళ్లిద్దరూ సంతకు పోయారు. నేను ఏడుస్తూ కూర్చుంటే జేజి వచ్చి ఆ వంకీ ఉలి నా ముందు పెట్టింది. "ఏడ్చింది చాలు, పట్టు. రెక్కలు నొచ్చినా ఈ పొద్దుకు తాడు నేను లాగుతా" అంది. కోపం కొద్దీ ఒత్తాను. ఉలి ఎగిరొచ్చి గడ్డానికి తగిలి నెత్తురు కారింది. జేజి కొంగుతో తుడిచిందే గాని అయ్యో అనలేదు.

"తాడు లాగేదానివి, చెక్క యా దిక్కు తిరుగుతాందో నీకు తెల్దా? నీ పక్కకు వచ్చేటప్పుడు ఆనించు, ఎనక్కి పొయ్యేటప్పుడు ఎత్తు. మీ అన్న ఎత్తకుండా ఒత్తుతాండాడు, అందుకే ఆ బొక్కలు."

డబ్బీ లోపల ఉలి కొన కనిపించదు. కానీ జేజి ఏ చేయి లాగితే చెక్క ఎటు తిరుగుతుందో నా భుజాలకు తెలుసు. ఆనించాను, ఎత్తాను. పొద్దు తిరిగేలోగా ఒక్క బొక్క లేకుండా డబ్బీ లోపలంతా గుల్లయింది. సాయంత్రం జేజి ఆ సంగతి జేజినాయనకు చెప్పింది కూడా.

రెండు రోజులకు సాయిబు వచ్చి డబ్బీలో వేలు పెట్టి తిప్పి చూశాడు. "శానా నున్నగా ఉండాది. ఎవరు చేసినారప్పా?" అన్నాడు. జేజినాయన కన్నార్పకుండా "మా మనవడు" అన్నాడు. మా అన్న సిగ్గు లేకుండా చేయి చాపి అత్తరు రాయించుకున్నాడు. జేజి వైపు చూశాను. తల వంచుకుని తాడు చుడుతోంది. ఆ వంచిన తల చూసి నాకు వాళ్లిద్దరి మీదకంటే ఆమె మీదే ఎక్కువ మండింది.

"అది నేను చేసినా!" అని అరిచాను.

"ఆడపిల్ల, ఊరికే అంటాదిలే" అని జేజినాయన నవ్వబోయాడు. అప్పుడు జేజి తల ఎత్తింది. "అట్లయితే ఇంకో చెక్క బిగించు. తాడు నేను లాగుతా. వాడిని తొలవమను, సాయిబు చూస్తాడు" అంది.

మా అన్న ఉలి ముట్టుకోలేదు. ఆ మర్నాటి నుంచి తాడు వాడికి వచ్చింది, వంకీ ఉలి నాకు వచ్చింది.

సాయిబు వచ్చిపోయిన సాయంత్రమే జేజిని అడిగాను, నలభై ఏళ్లు ఆయన కోసం లాగావే, ఒక్కనాడైనా నీ పేరు చెప్పలేదే, నీకు కోపం రాలేదా అని.

"రాకేం, వచ్చింది. వచ్చినప్పుడల్లా తాడు ఇంకొంచెం గట్టిగా లాగినా" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే. నేను మాత్రం కోపం వచ్చిన చోటే, తెప్పించినవాడి ముఖానే చెప్పేస్తాను. ఊళ్లో గయ్యాళి అని పేరు పెట్టారు. పెట్టనీ. అదైనా నా పేరే.